పొగ వాసన సీసా

మా మరిది ఓడలో ఇంజను పని చేసేవాడు. పొలం పంపకాల్లో అన్నతో మాటామాటా పెరిగి, మూడేళ్లు పామర్రులో మా గడప తొక్కలేదు. డెబ్బై అయిదులోనో ఆరులోనో ఒక సాయంత్రం స్కాచ్ విస్కీ సీసా పట్టుకుని తనంతట తానే వచ్చాడు. ఇక కలిసిపోతారని నాకు ప్రాణం లేచి వచ్చింది.

మావారు ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"టింక్చరు కంపు కొడుతోందేంట్రా? నిన్నెవడో మోసం చేశాడు."

"సింగిల్ మాల్ట్ అన్నయ్యా, దీని రుచే అంత."

"పొగచూరిన సారా నాకు అంటగట్టడానికి వచ్చావా?"

మరిది లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

నేను గబుక్కున ఆ గ్లాసు అందుకుని వాసన చూశాను. మందుల వాసన వెనకాల నేనెరిగిన వాసనే ఇంకోటి ఉంది.

"ఇది అత్తయ్యగారి దాలి పాల వాసన కదండీ!" అన్నాను.

ఆవిడ బతికుండగా దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దంతా పాలు కాగేవి. ఆ పొగ పట్టిన మీగడ కోసం ఈ అన్నదమ్ములిద్దరూ కొట్టుకునేవారట.

మరిది గుమ్మంలో ఆగాడు. "ఇది చేసేవాళ్లు చిత్తడి నేలలో మట్టి పెళ్లలు తవ్వి, ఎండబెట్టి కాలుస్తారు వదినా, మన పిడకల్లాగే. ఈ విస్కీకి వాడే బార్లీ గింజలు ఆ పొగలో ఆరబెడతారు."

మావారు ఈసారి నీళ్లు కలుపుకుని నిదానంగా తాగారు.

"తన పాలని దీనితో పోల్చామంటే అమ్మ చీపురు తిరగేసేదిరా" అన్నారు.

మరిది నవ్వుతూ సంచి దించాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోశాను.