కోయకుండా ఉంచిన ఊస

మా పక్కింటి ఫిట్టరు బావ పోయేడు. బుధవారం పొద్దున్న మొదటి వాయి రొట్టెలు పొయ్యిలో పెట్టి తలుపు మూస్తూంటే వాళ్ళావిడ కేక వినిపించింది. వెళ్ళేసరికి వీధరుగు మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఒక కాలికి చెప్పుంది, రెండోది చేతిలో ఉంది. ఆయన్ని పనికి పిలిచే మిల్లు కూత ఇంకా కుయ్యలేదు.

నాకు ఎక్కువ మాటలు రావు. ఆ పొయ్యి తలుపు సంగతి చెప్తాను.

అది మిషను దొరసాని స్వదేశానికి వెళ్ళిపోతూ నాకిచ్చిన ఇనప పొయ్యి. నెల్లిమర్లలో ఆసుపత్రి రోగులకి దాన్లోనే రొట్టెలు కాలుస్తాను. బరువైన తలుపు. పక్కన రెండు మడతబందులు, రెంటిలోంచీ పొడుగాటి సీల.

కిందటేడు దసరాలకి మా ఆఖరి చెల్లెలు టైఫాయిడుతో ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. మహర్నవమినాటికి జ్వరం దిగింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "సాయంత్రం రొట్టె పాలల్లో నానబెట్టి పెట్టండి. అన్నం మెతుకు పడిందా, పేగు చిల్లు పడుతుంది. తరవాత నేనేం చెయ్యలేను" అంది. చెల్లెలు మాత్రం, "అప్పా, రెండు మెతుకులే" అని ఏడుస్తోంది. పండగపూట చూడ్డానికి వచ్చినవాళ్ళంతా జాలిపడుతున్నారు. ఆ జాలంటేనే నాకు భయం. నేను లేనప్పుడు ఎవరు ఏం పెడతారో!

ఇంటికొచ్చి పిండి కలిపేను. పొయ్యి రాజేసేను. వేడెక్కిందేమో చూద్దామని తలుపు లాగితే రాలేదు. తప్పు నాదే. గడగడలాడుతోందని ముందురోజు ఆ సీలని పొత్రంతో కొట్టి కొట్టి బిగించేను. ఇప్పుడు కంగారుగా లాగేసరికి సీల విరిగి తలుపు నా కాళ్ళ ముందు పడింది. వెనకాల గిన్నెలో పిండి పొంగుతోంది. బజారు చూస్తే మూత.

ఫిట్టరు బావ ఇంటికి పరిగెత్తేను. సుత్తి, స్పేనర్లు, ఆకురాయి, రంపం అన్నీ బొట్లు పెట్టుకుని పసుపు గుడ్డ మీద కూర్చున్నాయి. సైకిలుకి కూడా బంతిపూల దండ! అప్పుడు గుర్తొచ్చింది, ఆయుధపూజ. మర్నాటిదాకా వాటిని ముట్టుకోరు. ముట్టుకుంటే ఏడాదంతా చెయ్యి ఆడదని వాళ్ళ నమ్మకం. మిల్లు యంత్రాల మధ్య పనిచేసేవాడికి చెయ్యి మాటంటే మాటలా? అడగలేక గుమ్మంలోనే నిలబడిపోయేను.

నాకన్నా పెద్దవాడే అయినా అందరిలాగే పెద్దప్పా అనేవాడు. "ఏటి పెద్దప్పా, మొకమలగ పాలిపోయినాది?"

చెప్పేను. వాళ్ళావిడ అడ్డంగా వచ్చేసింది. "మావా, సామాను ముట్టుకున్నావంటే సూడు!"

"నాను ముట్టుకోనే. అవి నిద్దరోతన్నాయి కదేటి." నావైపు తిరిగేడు. "మీ దేవుడు ఆదోరం ఒక్కటే సెలవిత్తాడు. ఇయ్యాల మంగలోరం. నీ ఇంట్లో సామానుకి పనున్నట్టే. పద."

వచ్చి వంటింట్లో నాలుగు మూలలా చూసేడు. బొగ్గులు కదిపే ఊస తీసేడు. దాంతోనే విరిగిన సీల ముక్కల్ని పొడిచి తోసేసేడు. ఊసని నడిమికి ఎర్రగా కాల్చి, తడి గోనె చుట్టి పట్టుకుని, గుమ్మం రాయి మీద నా పొత్రంతో కొట్టి మోకాలులా వంచేడు.

"పిండెంతసేపాగుద్ది?"

"పావుగంట, బావా."

తలుపుని బందుల దగ్గర ఎత్తి పట్టుకోమన్నాడు. పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"పెద్దప్పా, పార్దన కల్లు తెరిసి సేసుకో. తలుపు జారతన్నాది."

ఊస పైనుంచి రెండు బందుల్లోకీ దిగింది. వంచిన పక్క మూరెడు పొడుగు బయటే మిగిలిపోయింది. కొయ్యాలంటే రంపం కావాలి. రంపమేమో పూజలో ఉంది. "రేపొచ్చి కోసెత్తాను" అన్నాడు.

తలుపు మళ్ళీ గడగడలాడింది. "బిగించవా?"

"సల్లగున్నపుడు బిగిత్తే ఏడెక్కినాక కదలదు. సందుండాల. ఆ సప్పుడుంటేనే నీకు మంచిది."

రొట్టె కాలేదాకా అక్కడే కూర్చున్నాడు. తలుపు తెరుచుకోదేమోనని నేను, పొయ్యికేసి చూడకుండా బైబిలు వాక్యం చదువుకుంటున్నాను. ఒక్క వేలితో లాగేడు. వచ్చేసింది. అప్పుడు చూసేను, ఆయన అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. "సామానుకే సెలవిచ్చేను, సేతికివ్వలేదు" అని నవ్వేడు.

సాయంత్రం చెల్లెలు మూడు ముక్కలు తింది. మంచం పక్కనే కూర్చున్నాను, తెల్లారేదాకా ఎవర్నీ దగ్గరకి రానివ్వలేదు. ఈ బుధవారం ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది ఆ చెల్లెలే.

ఆ దసరా తరవాత బావ మా సందులోంచి వెళ్తూ మా తలుపు చప్పుడు వినపడితే ఆగేవాడు. రెండు చుక్కల ఆముదం వేసేవాడు. "రేపు కోసెత్తానప్పా" అనేవాడు. "ఉండనీ బావా, దానిమీద మసిగుడ్డ ఆరేసుకుంటున్నాను" అనేదాన్ని. రంపం వాళ్ళింట్లోనే ఉంది. ఊస ఇక్కడే ఉంది.

తలుపు తెరిస్తే ఆ ఊస కూడా దాంతో తిరుగుతుంది. మూస్తే మాత్రం వెనక్కి రాదు, బందుల్లో సందుంది కదా. చేత్తో తొయ్యాలి. ఇవాళ పొద్దున్న రొట్టెలు పెట్టి తలుపు మూసేను. ఊసని తొయ్యలేదు. వాళ్ళింటి గోడవైపు చాచుకుని అలాగే ఉంది.