మార్కాపురం లాడ్జికి అత్తయ్యతో

పలకల కోసం నేను మార్కాపురం వెళ్ళడం ఇది నాలుగోసారి. గుంటూరులో చిన్నపిల్లల ఆటవస్తువులు, పలకలు అమ్మే దుకాణం నాది. ఫోన్లో చెబితే సరుకు పార్సిల్లో వచ్చేస్తుంది, నిజమే. కానీ నాకు వెళ్ళాలి! పలక చేత్తో పట్టుకుని చూసుకోవాలి, బస్టాండు దగ్గరి ఆ చిన్న లాడ్జిలో ఒక రాత్రి ఉండాలి, కిటికీ దగ్గర కూర్చుని దూరంగా కొండలు చూస్తూ టీ తాగాలి. మా అత్తయ్యకు మింగుడుపడనిది ఇదే. "ఇల్లూ వాకిలీ ఉన్న ఆడది లాడ్జిలో పడుకోవడం ఏవిటే?" అని మూడుసార్లూ అడిగింది. ఈసారి అడగలేదు, తేల్చేసింది. "నేనూ వస్తా. నా కళ్ళతో చూస్తా. నచ్చలేదో, ఇక నీ సరుకు పార్సిల్లో వస్తుంది, నువ్వు ఇంట్లో ఉంటావు." మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నేను ఊరెళితే పిల్లల్నీ దుకాణాన్నీ చూసుకునేది ఆవిడే కాబట్టి, ఆవిడ కాదంటే నా ప్రయాణాలకు అంతటితో సరి. డెబ్బయ్యేళ్ళొచ్చినా ఆవిడ లాడ్జి గడప తొక్కలేదు. అయినా ఏమిటో, నాకు భయం కంటే హుషారే ఎక్కువైంది. రెండ్రోజులకు పిల్లల్నీ దుకాణాన్నీ మా ఆయనకు అప్పగించి, రాత్రే బ్యాగు సర్దేశాను.

గుంటూరులో ఉదయం ఏడు దాటాక నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కాం. టికెట్టు మనిషికి వంద లోపే. ఎక్కేటప్పుడే ఎడమా కుడీ చూడకుండా కిటికీ సీటు పట్టేయండి. వినుకొండ దాటాక దారంతా మెట్ట పొలాలు, కంది చేలు, గొర్రెల మందలు. అత్తయ్య పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తనిఖీకి వెళుతున్న ఇన్‌స్పెక్టరులా కూర్చుంది. పదిన్నరకు మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగాం. స్టేషను ఊళ్ళో ఉండదు, ఆటోలో పదిహేను నిమిషాలు పడుతుంది. ఎనభై అడిగారు, ఇచ్చాను. ఆటో అబ్బాయి నన్ను చూడగానే నవ్వేశాడు. "పలకల అక్క గదా! పోయినసారి నేనే దింపినా. లాడ్జికేనా?" అన్నాడు. నా మొహం చేటంత అయింది. అత్తయ్య మాత్రం నా మోచేతి మీద గిల్లి, "లాడ్జికేనా అంటున్నాడేంటే? వీడికి నువ్వెలా తెలుసు?" అంది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను.

లాడ్జి పేరు రాయను. రాస్తే మీరంతా వెళ్ళి నా గది పట్టేస్తారు! మూడంతస్తులు, పన్నెండు గదులు, లిఫ్టు లేదు. నడిపేది రమణమ్మ, ఆవిడ భర్త. నేను రమణక్క అంటాను. కౌంటరు వెనక నుంచే గట్టిగా పిలిచింది. "వచ్చినావా చెల్లే! నీ మూల గది ఎవురికీ ఇయ్యకుండా పెట్టినా. రెండు దిండ్లు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, అన్నీ పెట్టించినా." నాలుగు నెలల కిందట నేనడిగినవన్నీ గుర్తుపెట్టుకుందంటే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే ఆధార్ కార్డులు అడిగింది. అత్తయ్య కళ్ళెర్రజేసింది. "గుమ్మంలోకి వచ్చినవాళ్ళను మంచినీళ్ళు కావాలా అని అడుగుతారు. కార్డులడుగుతారా?"

"గవర్నమెంటు రూలు పెద్దమ్మా," అంది రమణక్క ఏమాత్రం తడుముకోకుండా. "మా నాయనొచ్చినా రాయాల్సిందే. నీళ్ళు గూడా ఇస్తా, కూర్చో."

ఏసీ లేని డబుల్ గది ఎనిమిది వందలు, ఇరవైనాలుగు గంటలు. అత్తయ్య తనిఖీ మొదలైంది. కిటికీ చెక్క మీద వేలు రాసి చూసుకుంది. దిండు వాసన చూసింది. గడియ మూడుసార్లు వేసి తీసింది. మంచం మీది దుప్పటి ఎంత తెల్లగా ఉన్నా దాని మీద గుంటూరు నుంచి తెచ్చిన దుప్పటి పరిచింది. "ఎలా ఉంది అత్తయ్యా?" అంటే, "ఉంది," అంది. అంతే!

మధ్యాహ్నం పక్క మెస్సులో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిన్నాం. వంటామె ఇంకో రొట్టె వేస్తూ, "ఏంది పెద్దమ్మా, ఒక రొట్టెకే చాలంటే ఎట్ల?" అంది. అత్తయ్య మూడు తింది. తర్వాత పలకల షెడ్డుకు వెళ్ళి సరుకు చూసుకున్నాను. సాయంత్రం చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళాం, లాడ్జి నుంచి నడిచే వెళ్ళొచ్చు. అన్నిచోట్లా అత్తయ్య బాగానే మాట్లాడింది, లాడ్జి సంగతి తప్ప. మా అత్తయ్య తిడితే పరవాలేదు. ఊరుకుందంటేనే నాకు గుబులు.

మర్నాడు మా ప్లాను నిన్న మమ్మల్ని దింపిన రైలునే మళ్ళీ పట్టుకుని, గిద్దలూరు మీదుగా నల్లమల సొరంగాలు దాటి నంద్యాల వెళ్ళడం. తొమ్మిదిన్నరకే తాళం ఇచ్చేసి ఆటో పిలిచాను. అత్తయ్య కళ్ళజోడు మరిచిపోయానని మళ్ళీ పైకెళ్ళింది. ఇద్దరు పెద్దమనుషులు ఆ గది కోసమే కింద సూట్‌కేసులతో ఎదురుచూస్తున్నారు. ఉన్నట్టుండి పైనుంచి అత్తయ్య కేక! బల్లి కనబడిందో, ఏం పోయిందో! రమణక్క, నేను రెండేసి మెట్లెక్కి పరుగెత్తాం.

గది మధ్యలో అత్తయ్య, ఆవిడ చేతిలో చీపురు. ఎదురుగా గదులు శుభ్రం చేసే పుల్లమ్మ బిత్తరపోయి నిలబడి ఉంది.

"మనుషులు గడప దాటి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే ఊడ్చేస్తావా?" అంటోంది అత్తయ్య. "మనిషి పోయిన ఇంట్లో ఊడ్చినట్టు!"

"లాడ్జిలో అట్ల చూసుకుంటే యాడ కుదురుతుంది పెద్దమ్మా? కింద పార్టీ కాచుకోనుండారు," అంది పుల్లమ్మ పాపం.

"కుదరకపోతే ఎలా? మేం మళ్ళీ ఇక్కడికి రావద్దా?"

ఆ మాట నా చెవిన పడగానే నా ప్రాణం లేచొచ్చింది. మేం అంది. మా కోడలు అనలేదు, మేం అంది! రమణక్క చీపురు అందుకుని తలుపు వెనక పెట్టేసింది. "ఊడవం పెద్దమ్మా. పదకొండు దాకా ఈ గది మీదే. మీ రైలు కదిలినాక చెల్లెతో ఫోను చేయించు, అప్పుడు ఊడుస్తాం. వాళ్ళకు కింద టీ ఇప్పిస్తాలే."

రైలు పదిన్నర దాటాక వచ్చింది. మేం కూర్చున్నాం, రైలు కదిలింది. ప్లాట్‌ఫారం పూర్తిగా వెనకబడే దాకా చూసి అత్తయ్య నా వైపు తిరిగింది. "ఫోన్ చెయ్యి. ఇక ఊడ్చుకోమను."

నాలుగుసార్లు వెళ్ళిన నేను గదిని, దిండ్లను, కిటికీని చూసి మురిసిపోయాను. నేను వచ్చేశాక ఆ గదిలో ఏం జరుగుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. అత్తయ్య ఒక్క రాత్రి ఉండి, డబ్బిచ్చి తీసుకున్న గదిని చుట్టాలిల్లు చేసేసింది. గిద్దలూరు దాటి అడవిలోకి వెళ్ళాక, మొదటి సొరంగం చీకట్లో నా చెయ్యి పట్టుకుని, "ఈసారి దుప్పటి తేనక్కర్లేదులే," అంది. మీకు నా సలహా ఒక్కటే. అలాంటి చిన్న లాడ్జిలో దిగితే, టైము అయ్యేదాకా కూర్చోకుండా గంట ముందే తాళం ఇచ్చేయండి. మీ రైలు కదిలేదాకా చీపురు ఆపాలంటే వాళ్ళకూ వ్యవధి ఉండాలి కదా.