శుక్రవారం వచ్చిన వెరిఫికేషన్ కాల్

2023 ఎండాకాలం. అనంతపురంలో హెల్త్ ఇన్సూరెన్స్ ఏజెంటుగా తిరుగుతున్న నాకు రాప్తాడు నుంచి నాగరాజన్న ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడట, నెలాఖరే ఆఖరు. ఆ కంపెనీ పాలసీని నమ్ముకునే భార్య లక్ష్మీదేవక్కకు గుండె వాల్వు ఆపరేషన్ చేయించాలనుకున్నారు.

"కాగితం ఇచ్చినాక అడిగితే ఎట్లన్నా?" అన్నాను.

"మేనేజరుతో మాట పడల్యాక మానేస్తి ఓబులేసూ. ఆ కోపంలో ఇన్సూరెన్సు యాడ గుర్తుకొస్తాది?"

ఇలాంటప్పుడు ఉన్న దారి మైగ్రేషన్. అంటే పాత పాలసీ ముగియకముందే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారడం. అలా మారితే కంపెనీ పాలసీలో గడిచిన ఏళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. కొత్తగా తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్ పడుతుంది, పాత జబ్బులకు కొన్నేళ్లదాకా పైసా ఇవ్వరు. డాక్టరు అక్కకు అంత గడువు ఇవ్వలేదు. అక్క రిపోర్టులన్నీ జతచేసి, భార్యాభర్తలిద్దరికీ కలిపి అప్లికేషన్ పంపాను. ఇక మిగిలింది వెరిఫికేషన్ కాల్. బీమా సంస్థవాళ్లే ఫోన్ చేసి, ఆరోగ్యం గురించి అడిగి, జవాబులు రికార్డు చేస్తారు. కాగితంలో ఒకటుండి నోట ఇంకోటొస్తే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని అక్కకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

మా ఖర్మ, ఆ కాల్ శుక్రవారం పొద్దున వచ్చింది. నేను వాళ్లింట్లోనే ఉన్నాను. స్పీకర్ పెట్టాం.

"మీకేవైనా వ్యాధులున్నాయా అమ్మా?" అని అడిగింది అవతలి అమ్మాయి.

"ఏం లేవు తల్లీ, బాగుండా."

నా పై ప్రాణం పైనే పోయింది. ఫోన్ లాక్కుని, ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు, కాసేపాగి మళ్లీ చేయండని బతిమాలాను.

"ఏమక్కా, వాల్వు సంగతి యాడ పాయ?"

"శుక్రవారం పూట, దీపం పెట్టిన ఇంట్లో, నాకు జబ్బుండాదని నా నోటితో ఎట్లంటానప్పా? పైన తథాస్తు దేవతలుంటారు."

"ఆ దేవతలొచ్చి ఆస్పత్రి బిల్లు కడతారా?" అనేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. దీనికి చెప్పేకంటే గోడకు చెప్పేది మేలని నాగరాజన్న తల పట్టుకున్నాడు.

అరిస్తే పని జరగదు. కోపం దిగమింగుకుని అన్నాను. "జబ్బు మాటే వద్దులే అక్కా. ఏం మాత్రలు మింగుతావో చెప్తావా?"

"మాత్రలదేముంది, చెప్తా."

మళ్లీ కాల్ వచ్చినప్పుడు, ముందు మందుల గురించి అడగమని ఆ అమ్మాయికి చెప్పాను. అక్క తడుముకోకుండా అప్పజెప్పింది. వాల్వు సన్నబడినందుకు ఒకటి, రక్తం గడ్డ కట్టకుండా ఒకటి, బీపీకి ఒకటి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మరి మీ వారికి?" అంది ఆ అమ్మాయి.

"నాకేం రోగం? గుండ్రాయి మాదిరుండా," అన్నాడు నాగరాజన్న.

అక్క ఆయన వైపు తిరిగింది. "తల తిరిగినప్పుడల్లా నా బీపీ మాత్ర తీసుకోని మింగేది ఎవురు?"

అంతా రికార్డయింది.

ఆ తర్వాత ఆయనకు టెస్టులు చేయించమన్నారు. బీపీ చూసిన డాక్టరు, ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదని ఆయన్ని వదిలేసి నన్ను తిట్టాడు. ప్రీమియం పెరిగింది, కానీ ఇద్దరికీ పాలసీ వచ్చింది, అక్కకు ఆపరేషనూ అయింది. అప్పటి నుంచి నేను ఎవరినీ జబ్బుందా అని అడగను. ఏ మాత్ర మింగుతారని అడుగుతాను, ఆ వెంటనే అది ఎవరికి రాసిచ్చిన మాత్ర అని కూడా అడుగుతాను.