బీబీకీ పెల్లెట్‌కీ ఒకే పలక

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ళ ముందు, ఒక అక్టోబరు నెలలో, ఎయిర్ పిస్టళ్ళను పోల్చి చూసే పని నాకు అప్పగించారు. అమెరికాలోని బెంటన్‌విల్ ఊళ్ళో, దుకాణాలకు వెళ్ళే సరుకును ముందుగా పరీక్షించే ఒక చిన్న ల్యాబ్‌లో అప్పటికి సీనియర్ టెస్ట్ ఇంజినీరుని. పరీక్ష ఎలా జరగాలో ప్రొసీజరు రాసేదీ, చివర రిపోర్టు మీద సంతకం పెట్టేదీ నేనే. నా కింద సుధీర్ అని ఒక జూనియర్ ఇంజినీరు ఉండేవాడు. కాకినాడ నుంచి వీసా మీద వచ్చి, కాంట్రాక్టులో పనిచేసేవాడు. ఆదివారాలు మా తెలుగు చర్చిలో నేను బైబిలు క్లాసు చెప్పేవాణ్ణి, అతను కీబోర్డు వాయించేవాడు. ఆఫీసులో అందరూ నన్ను పేరు పెట్టి పిలిచినా సుధీర్ మాత్రం అంకుల్ అనేవాడు. ఇక్కడ అలా పిలవొద్దని రెండుసార్లు చెప్పాను. నిజానికి ఆ పిలుపు నాకు బాగానే ఉండేది, అందుకే మూడోసారి చెప్పలేదు.

ఎయిర్ పిస్టళ్ళలో ముఖ్యంగా రెండు రకాలు. బీబీ పిస్టల్ చిన్న ఉక్కు గుండును వదులుతుంది. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. పెల్లెట్ పిస్టల్ వదిలేది నడుము సన్నగా ఉండే సీసపు గుండు. ఆ గొట్టం లోపల మెలికల గాడులుంటాయి కాబట్టి గుండు తిరుగుతూ వెళ్ళి, గురికి దగ్గరగా తగులుతుంది. డబ్బా మీద రెండింటికీ ఒకే సైజు రాసి ఉంటుంది. తేలిక కాబట్టి బీబీ ఎక్కువ వేగం చూపిస్తుంది, అది చూసి కొనేవాళ్ళు అదే గొప్పదనుకుంటారు. ఆ భ్రమ పోగొట్టే పట్టిక ఒకటి తయారు చేయమని మా క్లయింటు కోరాడు.

మా షూటింగ్ గది పొడుగాటి వసారాలా ఉండేది. గోడల నిండా శబ్దం పీల్చే ఫోమ్ అట్టలు అతికించడం వల్ల మన మాట మనకే ఎక్కడో దూరం నుంచి వినిపించేది. ఈ పిస్టళ్ళు చిన్న గ్యాస్ సిలిండరుతో పనిచేస్తాయి. ఒక్కో షాట్‌కీ సిలిండరు చల్లబడుతుంది, చల్లబడితే వేగం పడిపోతుంది. అందుకని షాట్‌కీ షాట్‌కీ మధ్య ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషాలంటే నాకు ప్రాణం. తెల్లటి వెలుతురులో స్టూలు మీద కూర్చుని, చేతిలో పెన్సిలు పట్టుకుని, పొద్దున కారులో వస్తూ చూసిన ఎర్రటి ఆకుల కొండల్లో మనసులోనే తిరుగుతూ ఉండేవాణ్ణి. పని చేస్తున్నానో కల కంటున్నానో తెలిసేది కాదు.

పోలిక పరీక్షకు నా సూత్రం ఒకటే: మార్చాల్సినదాన్ని తప్ప ఇంకేదీ మార్చకూడదు. అదే దూరం, అదే కాగితం, కాగితం వెనక అదే ఉక్కు పలక. ప్రొసీజరులో అలాగే రాశాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం మరి, ఎవరు కాదంటారు?

పొద్దున పెల్లెట్లు కాల్చాం. సీసం మెత్తన, పలకకు తగిలి అణిగిపోయి కింద పడింది. మధ్యాహ్నం బీబీలు మొదలుపెట్టాం. సుధీర్ కాలుస్తున్నాడు, నేను వేగం రాసుకుంటున్నాను. కాసేపటికి నేల మీద గుళ్ళు దొర్లుతున్న సన్నని గలగల వినిపించింది. హాయిగా ఉందనుకున్నాను. అవి పలకకు కొట్టుకుని మావైపే వెనక్కి వస్తున్నాయన్న ఆలోచనే నాకు రాలేదు.

పదో షాట్‌కి సుధీర్ చెయ్యి చెంప మీదికి వెళ్ళింది. వేళ్ళ సందుల్లో నెత్తురు. గుండు రక్షణ కళ్ళద్దాల అంచుకు వేలెడు కింద తగిలింది.

గాయం చిన్నదే, కట్టు కట్టారు. అసలు చిక్కు ప్రమాద నివేదికతో వచ్చింది. అందులో కారణం కింద మూడు గడులు: పరికరం, పనిచేసిన వ్యక్తి, ప్రొసీజరు. మా మేనేజరు డయాన్ మంచి మనిషే కాని తొందరలో ఉంది. కుర్రాడు ముందుకు వంగాడని రెండో గడిలో టిక్ పెడితే ఈ రోజే ఫైలు మూసేద్దామంది. రెండో గడి టిక్ పడితే సుధీర్‌ని ల్యాబ్‌లోకి రానివ్వరు. కాంట్రాక్టు పోతుంది, ఆ తర్వాత ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చే గడువు అరవై రోజులు. మూడో గడి అయితే ఆ తప్పు నాది.

కాగితం పట్టుకుని బ్రేక్‌రూమ్‌కి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే సుధీర్ మొదలుపెట్టాడు.

"అంకుల్, నేనే ముందుకి వంగానని రాసెయ్యండి. ఇందులోకి మీ పేరెందుకు?"

"గుళ్ళు వెనక్కొస్తున్నాయని నీకు ముందే తెలుసా?"

"మూడో షాట్‌కే చూశాను. ప్రొసీజర్ మీరు రాసింది కదా, మీకు నేను చెప్పడమేంటని ఊరుకున్నా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "కన్ను పోయేదిరా నీకు," అన్నాను. అతను తల దించుకున్నాడు. ఆ కోపం నా మీద నాకేనని అప్పుడు అర్థమైంది. చర్చిలో బైబిలు క్లాసప్పుడు నా ముందు కూర్చున్నట్టే ఇక్కడా తల వంచుకుని కూర్చున్నాడు, అలా కూర్చోబెట్టుకుని మురిసిపోయింది నేనే. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం రెండో గడి వైపు నా చూపు పోయింది కూడా.

అక్కడే, అతని ఎదురుగానే మూడో గడిలో టిక్ పెట్టి, ప్రొసీజరు రాసినవారు అన్నచోట నా పేరు రాశాను. డయాన్ అది చదివి ఫైల్లో పెట్టింది. ఆరు నెలలు నా సంతకం ఒక్కటే చెల్లదన్నారు. ప్రతి రిపోర్టు మీదా నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు రెండో సంతకం పెట్టేవాడు. చాలా కష్టంగా అనిపించింది. సుధీర్ ఉద్యోగం నిలిచింది.

పరీక్ష మళ్ళీ చేశాం. పెల్లెట్లకు ఉక్కు పలక ఉంచి, బీబీలకు మందపాటి గుడ్డ తెర వేలాడదీశాం. గుళ్ళు ఆ గుడ్డకు తగిలి మెత్తగా జారిపడ్డాయి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రొసీజరూ ముందు సుధీర్‌కి ఇచ్చి, తప్పులు పట్టుకునేదాకా కుర్చీలోంచి లేవొద్దనేవాణ్ణి. వారాలపాటు అంతా బావుంది అంకుల్ అంటూనే వచ్చాడు. క్రిస్మస్ ముందు ఒకరోజు మాత్రం, దూరం తప్పుగా రాశారన్నాడు. కొలిచి చూస్తే నిజమే.

ఈ పరీక్ష వల్ల తెలిసినవి రెండు. డబ్బా మీద ఒకే సైజు రాసి ఉన్నా ఉక్కుకూ సీసానికీ ఒకే పలక పనికిరాదు. రెండోది, మూడో షాట్‌కే ప్రమాదం చూసిన కుర్రాడు నా మీది గౌరవంతో నోరు మెదపకుండా ఇంకో ఏడు షాట్లు కాల్చాడు.