కళ్ళున్నవాటినే ఏరింది

కాలేజీ పరిశోధనశాలలో ఆమెది వంటపని. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు కలిపి జావ కాచి గాజుసీసాల్లో పోస్తుంది. తినేవి పండు ఈగలు. అందుకే కుర్రకారు ఆమెను ఈగలమ్మ అంటారు. పాత సీసాల్లోని ఈగలను కొత్త సీసాల్లోకి మార్చడమూ ఆమె పనే.

పై అరలో కళ్ళులేని రకం ఉండేది. కొన్నిటికి కళ్ళు సూదిమొనంతే ఉంటాయి, కొన్నిటికి అసలే ఉండవు. ఒకరోజు, ఆ ఈగల మీద పరిశోధన చేసే మేడం వాటిని భూతద్దం కింద చూసి నోరు వెళ్ళబెట్టింది.

"పెద్దమ్మా, వీటికి కళ్ళెలా వచ్చాయి?"

"నేనే ఏరానమ్మా. సీసా మార్చేముందు ఈగలకి మత్తిస్తాం కదా, అప్పుడు కుంచెతో కదిపి, కాస్త కళ్ళున్నవాటినే కొత్త సీసాలో వేస్తూ వచ్చాను."

"నెలల పని నీళ్ళపాలు చేశావు! ఎందుకూ?"

ఈగలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. కూతురికి పుట్టిన పాపకు కంట్లో రంగు వలయమే లేదు. వెలుగు చూస్తే గుక్కపట్టి ఏడుస్తుంది. "గుడ్డి ఈగల్ని పెంచి ఇంటికి అంటించావంది మా వియ్యపురాలు. అప్పట్నుంచి ఈ చేతుల్తో పాపని ఎత్తుకోలేదమ్మా. వీటికి కళ్ళొస్తే పాపకీ బాగవుతుందేమోనని ఏరాను."

మేడం కోపం దిగిపోయింది. స్టూలు లాగి కూర్చోబెట్టింది.

"కన్ను కట్టించే మేస్త్రీలాంటి జన్యువు ఒకటుంది. ఈగలో, ఎలుకలో, నీలో, నాలో దాదాపు అదే. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి పాపకి వచ్చిన రెంటిలో ఒకటి పాడైనట్టుంది. అది పుట్టకముందే జరిగిన సంగతి. ఈగల నుంచి అంటేదైతే ముందు నాకే అంటాలి. ఇరవై ఏళ్ళుగా వాటి మొహంలో మొహం పెట్టి కూర్చున్నా!"

"మరి వీటికి బాగుపడిందిగా?"

"పాడైంది అలాగే ఉంది. నువ్వు ఏరేకొద్దీ, దానికి ఆసరా ఇచ్చే తక్కిన జన్యువులు పోగయ్యాయి. మామూలు ఈగలతో కలిపితే వాటి పిల్లల్లో ఆ గుడ్డితనం మళ్ళీ బయటపడుతుందిలే. ఇక మాత్రం ఏరకు, తల్లీ."

"పాపకి ఆ ఆసరా..."

"అది మన చేతిలో లేదు పెద్దమ్మా. డాక్టర్ చెప్పిన నల్లద్దాలు పెట్టండి, వెలుగు తగ్గించండి. ఎత్తుకోవడానికేం, హాయిగా ఎత్తుకో."

ఆమె ఇల్లు చేరేసరికి పాప ఏడుస్తోంది. ఎండ తిన్నగా మంచం మీద పడుతోంది. ఈస్టు వాసన పోని చేతులతోనే పాపను ఎత్తి భుజాన వేసుకుంది. పాప మొహం ఆమె మెడలో దాచుకుంది. మనవరాలిని చూడ్డానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ వియ్యపురాలు ఏదో అనబోయింది.

"తర్వాత తిడుదురుగాని వదినగారూ," అంది ఈగలమ్మ, "ముందు ఆ కర్టెన్ లాగండి."