బాపు చెయ్యి లేపితే రిక్షా ఆగింది

ఇయ్యాల బాపును నిజాంపురాల ఎముకల డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. నార్పోలిల బట్ట నేసే సాంచాలు నడిపే మా బాపుకు కొన్ని నెలల సంది జబ్బ నొప్పితోని కుడిచెయ్యి మీదికి లేస్తలేదు. జబ్బల సూది ఇయ్యాలె అని డాక్టర్ అనంగనే బాపు నా చెయ్యి గట్టిగ పట్టుకొని కండ్లు మూసుకున్నడు.

"హో గయా, చాచా," అని సూది బయటికి తీసిండు డాక్టర్. సూదిల ఉన్న మత్తు దిగినంక మళ్ల కొంచెం నొస్తదని, కొన్ని రోజులు సాంచాల జోలికి పోవద్దని గూడ చెప్పిండు.

బయటికి రాంగనే బాపు, "సూడు బిడ్డా, ఎంత మీదికి పోతుందో!" అని నడిరోడ్డు మీద చెయ్యి లేపిండు. సర్రున ఒక రిక్షా వచ్చి ఆగింది.

"కహా జానా హై, చాచా?"

"నార్పోలి," అని బాపు దర్జాగ ఎక్కి కూసున్నడు. నేను నవ్వు ఆపుకోలేకపోయిన.

మీ ఇంట్ల సూదికి గింతగనం భయపడే పెద్దమనిషి ఎవరో జర చెప్పుండ్రి. చదివి వినిపిస్తే మా బాపుకు ధైర్యమొస్తది.