ఆది జాకెట్టు

గుణదలలో కుట్టు నేర్పే సెంటర్‌లో చేరిన మొదటిరోజే నాకు అక్కడి మేడమ్ మీద అనుమానం వచ్చింది. ఒక్కొక్క మిషను దగ్గరికీ వచ్చి, "ఈవేళ టార్గెట్ ఏంటండీ? మీ ఇష్టం, మీరే చెప్పండి" అంది. ఏం నేర్చుకోవాలో కూడా మనమే చెప్పాలంటే ఇక ఆవిడెందుకు? పైగా "మీ ఇష్టం" అనేవాళ్ళని నేను చచ్చినా నమ్మను. చీరల కొట్లోనూ అలాగే అంటారు. బయటికొచ్చేసరికి మనకి అక్కర్లేని చీర చేతిలో ఉంటుంది.

అందుకే జాగ్రత్తగా, "ఆది జాకెట్టు చూసి అచ్చం అలాగే కుడతానండీ" అన్నాను. ఒంటికి సరిపోయే పాత జాకెట్టే ఆది. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరించడమే. సాయంత్రానికల్లా కుట్టేశాను. "వెరీ గుడ్ అండీ" అంది మేడమ్. మర్నాడూ అదే టార్గెట్ చెప్పాను, ఆ తర్వాతా అదే. రోజూ వెరీ గుడ్డే. హాయిగా ఇంటికి వెళ్ళేదాన్ని.

నా పక్క మిషను ఆవిడ ఆటోనగర్ నుంచి వచ్చేది. వాళ్ళాయనకి అక్కడ స్పేర్ పార్ట్స్ కొట్టు ఉంది. ఆవిడ మాత్రం "ఆది లేకుండా, టేపు కొలతల మీదే కుడతానండీ" అనేది. భుజం జారేది, చంక కింద ముడత పడేది. విప్పడం, మళ్ళీ కుట్టడం. ఒకరోజు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. మేడమ్ ఎప్పుడు చూసినా ఆవిడ పక్కనే కూర్చుని ఏదో చెబుతుండేది. నా దగ్గర ఒక్క నిమిషం నిలబడేది కాదు. ఆవిడకేదో రహస్యంగా నేర్పుతోందని ఇంట్లో చెబితే, "అనుమానం పెనుభూతం అన్నారు, నీలాంటి వాళ్ళని చూసే" అని మా ఆయన నవ్వారు.

నాకు మండదా మరి? సెంటర్ కింద మేడమ్‌కి కుట్టు షాపు ఉంది. మాలో ఒకరిని అందులో జీతానికి తీసుకుంటానని ముందే చెప్పింది. ఆ ఉద్యోగం నాకు కావాలి. నాదంటూ ఒక సంపాదన ఉండాలని పెళ్ళైన కొత్తల నుంచీ కోరిక.

ఒకరోజు గన్నవరం నుంచి ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. మనవడి అన్నప్రాసనకి కూతురికి జాకెట్టు కావాలట. మేడమ్ నావైపు చూసి, "మీరు తీసుకోండి" అంది.

"ఆది ఏదండీ?" అన్నాను.

"ఎక్కడిదమ్మా! కాన్పయ్యాక పాతవొక్కటీ పట్టట్లేదు."

టేపు పట్టుకుని నిలబడిపోయాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. పక్కావిడ లేచి వచ్చి, నా చేతిలోంచి టేపు మెల్లగా తీసుకుంది.

ఉద్యోగం ఆవిడకే వచ్చింది. సంతోషమేనా అని అడిగితే, "ఏం సంతోషమండీ, ఆ గన్నవరం వాళ్ళ జాకెట్టుకి ఎడమ చంక కింద కాస్త ముడత ఉండిపోయింది" అని మొహం చిన్నబుచ్చుకుంది.

నేను తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్ళాను. "నాకు రాదని మీకు తెలుసు కదండీ. మరి రోజూ వెరీ గుడ్ ఎందుకన్నారు?"

"మీరు చెప్పింది మీరు చేశారు కదండీ. అంత సంతోషంగా ఇంటికెళ్తుంటే ఇంకేం అనమంటారు?"

ఒళ్ళు మండిపోయింది. ఆ జవాబుని ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

మర్నాడు మేడమ్ మళ్ళీ టార్గెట్ అడిగింది. నేను ఆది జాకెట్టు సంచిలోంచి తీయలేదు. "టేపు ఇవ్వండి" అన్నాను. సాయంత్రానికి భుజాలు రెండూ జారాయి. మేడమ్ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. వెరీ గుడ్ అనలేదు.